పరాయి ఊళ్ళో మొదటి నెల

మన ఆలంపూర్ వాళ్ళకు పరదేశం అంటే చాలా కాలం ఏటి అవతలి ఒడ్డే. 1948కి ముందు తుంగభద్రకు ఈ పక్క నిజాం సర్కారు, ఆ పక్క ఇంగ్లీషు సర్కారు. ఇక్కడ హాలీ సిక్కా, అక్కడ కల్దార్ రూపాయి. ఆరు కల్దార్లు కావాలంటే ఏడు సిక్కాలు ఇచ్చుకోవాలి. ఇక్కడ కచేరీలో ఉర్దూ, అక్కడ ఇంగ్లీషు, తెలుగు. సామాను దాటిస్తే కరోడ్‌గిరీ వాళ్ళు మూట విప్పి చూస్తారు. రెండు ఒడ్డుల మధ్య పెళ్ళి సంబంధాలున్నాయి, ఉర్సుకు రాకపోకలున్నాయి, తినేది అదే జొన్న రొట్టె. అయినా కర్నూలుకు చదువుకోను పోయిన పిల్లవాడు మొదట నేర్చుకోవలసింది పాఠం కాదు, పైకం లెక్క. జేబులో ఉన్న రూపాయి ఆ ఊళ్ళో ఎంత అని.

ఈ చిన్న సంగతితో ఎందుకు మొదలుపెట్టామంటే, తరువాత చెప్పబోయే పెద్ద ఊళ్ళ కథలోనూ ముందు అడ్డం వచ్చేది ఇదే. సావనీరుకు చరిత్ర వ్యాసం కావాలని కమిటీ వారు అడిగారు. మన ఊరి గుళ్ళ గురించి, శాసనాల గురించి గడియారం రామకృష్ణశర్మ గారి వంటి పెద్దలు రాసి పెట్టే ఉన్నారు. దానికి మేము కలిపేదేమీ లేదు. అందుకని ఇప్పుడు మన ఇళ్ళల్లో అందరూ మాట్లాడుకునే విషయాన్నే చరిత్రలో వెదికాము. పిల్లలు షికాగో అంటున్నారు, లండన్ అంటున్నారు. అమ్మీలు దండకు ఇమామ్ జామిన్ కట్టి, మామిడి తొక్కు సీసా పెట్టెలో సర్ది పంపుతున్నారు. విమానం దిగిన తరువాత మొదటి నెల ఎట్లా గడుస్తుంది అన్నది మాత్రం తిరిగి వచ్చినవాళ్ళు కూడా పూర్తిగా చెప్పరు. వందేళ్ళ కింద పోయినవాళ్ళకు ఎట్లా గడిచిందో చూద్దామని అనిపించింది.

1922వ సంవత్సరంలో మన తెలుగు నేలతో సంబంధమున్న ఇద్దరు యువకులు సముద్రం దాటారు. ఒకరు బెర్లిన్ వెళ్ళారు, ఇంకొకరు బోస్టన్. ఇద్దరికీ ఒకరి పేరు ఒకరికి తెలిసి ఉండే అవకాశమే లేదు. మొదటివారు డాక్టర్ జాకిర్ హుసేన్ సాహెబ్, రెండవవారు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

జాకిర్ సాహెబ్ మనవారెట్లా అవుతారని కొందరు అడగవచ్చు. పూర్వీకులది ఉత్తరాన కాయంగంజ్ అన్నది నిజమే. కాని ఆయన తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ వకీలు పని మీద హైదరాబాదుకు వచ్చి స్థిరపడ్డారు. జాకిర్ సాహెబ్ అక్కడే 1897 ఫిబ్రవరి 8న పుట్టారు. 1907లో తండ్రి పోయిన తరువాత కుటుంబం కాయంగంజ్ చేరింది. పిల్లవాణ్ణి ఇటావాలో ఇస్లామియా హైస్కూలులో వేశారు. 1911లో ప్లేగులో తల్లి కూడా పోయింది. తల్లిదండ్రులు లేకుండా హాస్టళ్ళలో పెరిగినవారికి కొత్త ఊరు కొత్త కాదని అనుకోవచ్చు. పెట్టె సర్దుకోవడం అలవాటే గదా.

1920లో గాంధీగారు, అలీ సోదరులు అలీగఢ్ వచ్చి సర్కారు డబ్బుతో నడిచే చదువు వదలిపెట్టమన్నారు. కాలేజీ వదిలి వచ్చినవారిలో జాకిర్ సాహెబ్ ఒకరు. ఆ అక్టోబరు 29న జామియా మిల్లియా ఇస్లామియా పుట్టింది. అక్కడ రెండేళ్ళు పనిచేసి, 1922లో అర్థశాస్త్రం చదువుదామని జర్మనీకి బయలుదేరారు. అప్పటికి వయసు 25. పెళ్ళయి ఏడేళ్ళు. షాజహాన్ బేగం సాహెబా ఊళ్ళోనే ఉండిపోయారు.

ఇంగ్లండు కాదని జర్మనీ ఎందుకు? ఇంగ్లీషు సర్కారును కాదని బయటికి వచ్చినవారికి లండన్ చదువు రుచించదు, అది ఒకటి. జర్మను విశ్వవిద్యాలయాల పేరు గొప్పది, అది ఇంకొకటి. మూడవది పైకం. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిన జర్మనీ నోట్లు అచ్చువేసుకుంటూ పోయింది. మార్కు విలువ రోజురోజుకూ పడిపోతోంది. 1922 చివర బెర్లిన్‌లో ఒక రొట్టె ధర సుమారు 160 మార్కులు. 1923 చివరికి అదే రొట్టె 20 వేల కోట్ల మార్కులు! అచ్చు తప్పు కాదు, సరిగానే చదివారు. ఆ నవంబరులో ఒక్క డాలరుకు 4 లక్షల 20 వేల కోట్ల మార్కులు వచ్చేవి. కూలివాడికి కూలి చేతికి రాగానే పెళ్ళాం సంచి పట్టుకుని అంగడికి పరుగెత్తాలి, సాయంత్రానికి ఆ కాగితం దేనికీ పనికిరాదు.

మరి ఇంగ్లీషు పౌనులు చేతిలో ఉన్న విదేశీ విద్యార్థికి? అతను రాజు. ఒకేసారి మార్చుకోడు, ఆ రోజుకు కావలసినంతే మార్చుకుంటాడు. ఇంతకు ముందు ఎవరినీ లోపలికి రానివ్వని మర్యాదస్తుల ఇళ్ళల్లో, పింఛను పనికిరాకుండా పోయిన ముసలమ్మలు గదులు అద్దెకు ఇచ్చేవారు. మనవాళ్ళు అట్లాంటి గదుల్లో దిగారు. ఒక్క మాట ఇక్కడ చెప్పుకోవాలి. అది సుఖమే గాని మనసుకు హాయి అయిన సుఖం కాదు. మెట్ల మీద ఎదురయ్యే ఇంటి యజమానురాలు బంగాళదుంపలకు గంటల తరబడి వరుసలో నిలబడి వస్తోందని తెలిసి, పైన మనం కడుపునిండా తినడం ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు. బయటివాళ్ళ మీద ఊళ్ళో కసి కూడా పెరిగింది. 1923 నవంబరులో కొత్త మార్కు వచ్చి డాలరుకు నాలుగు మార్కుల ఇరవై పైసలు అన్న పాత లెక్క మళ్ళీ నిలబడింది. దాంతో విదేశీ విద్యార్థుల రాజభోగం పోయింది. నిన్న ఏడాదికి సరిపోయే డబ్బు ఈ రోజు నెలకు చాలదు. చాలామంది పెట్టె సర్దుకుని బెర్లిన్ వదిలారు.

జాకిర్ సాహెబ్ వదలలేదు. ఆయనను నిలబెట్టింది స్నేహితులే అని మా అభిప్రాయం. ఆక్స్‌ఫర్డులో చదివి వచ్చిన ముహమ్మద్ ముజీబ్, ఆబిద్ హుసేన్ ఇద్దరూ బెర్లిన్‌లోనే ఉన్నారు. ముగ్గురూ ఒకే జట్టు. ముజీబ్ అచ్చు పని నేర్చుకుంటున్నారు, ఆబిద్ హుసేన్ పరిశోధన చేస్తున్నారు. హైదరాబాదు మనుషులు కూడా ఆ ఊళ్ళో లేకపోలేదు. నిజాం కాలేజీకి పునాది వేసిన అఘోరనాథ చటోపాధ్యాయ గారి కొడుకు వీరేంద్రనాథ్, అంటే సరోజినీదేవి తమ్ముడు, ఇంగ్లీషు సర్కారుకు చిక్కకుండా అక్కడే ఉండేవాడు. 1929లో ఆయన కాంగ్రెసు సాయంతో బెర్లిన్‌లో ఒక కార్యాలయం నడిపించాడు. మన దేశం నుండి వచ్చే విద్యార్థులకు ఏ విశ్వవిద్యాలయంలో చోటుంది, ఏ కార్ఖానాలో పని నేర్పుతారు అని చెప్పడం దాని పని. విప్లవకారుడని పేరు పడ్డ మనిషి చేసిన పనుల్లో దీన్ని ఎవరూ పెద్దగా లెక్కించరు. మాకు మాత్రం ఇదే పెద్ద పనిగా కనబడుతుంది. 1937లో ఆయన రష్యాలో అన్యాయంగా ప్రాణం పోగొట్టుకున్నాడు, తిరిగి రాలేదు.

బెర్లిన్‌లో కావ్యానీ ప్రెస్ అని ఇరానీయులు నడిపే అచ్చుకూటం ఉండేది. 1925లో జాకిర్ సాహెబ్ అక్కడ గాలిబ్ దీవాన్‌ను జేబులో పట్టేంత అందమైన చిన్న పుస్తకంగా వేయించారు. ఉర్దూ రాని పనివాళ్ళతో పని సాగక, స్వయంగా నిలబడి అక్షరాలు కూర్చారు. పరదేశంలో ఉన్నవాడికి సొంత భాష మీద ఇంత ప్రేమ పుట్టుకొస్తుందా అని ఆశ్చర్యపోనక్కరలేదు. ఇంట్లో ఉన్నప్పుడు గాలి విలువ తెలియదు గదా. 1895లో పదహారేళ్ళ సరోజిని నిజాం సర్కారు విద్యార్థివేతనంతో లండన్ వెళ్ళినప్పుడూ ఇట్లాంటిదే జరిగింది. ఆ అమ్మాయి తన పద్యాలు ఎడ్మండ్ గాస్ అనే పెద్దాయనకు చూపిస్తే, వాటి నిండా ఇంగ్లీషు పిట్టలు, ఇంగ్లీషు పూలు. అవి మాకు తెలుసమ్మా, మీ దేశం సంగతి రాసి చూపించు అన్నాడాయన. లండన్‌లో కూర్చున్న తరువాతే ఆమెకు హైదరాబాదు బజారు కళ్ళకు కట్టింది.

జాకిర్ సాహెబ్ 1926లో డాక్టరేట్‌తో తిరిగి వచ్చి, 29వ ఏట జామియా బాధ్యత నెత్తిన వేసుకున్నారు. అప్పటికి ఆ సంస్థ మూతపడే స్థితిలో ఉంది. నెలకు 150 రూపాయలకు మించి తీసుకోకుండా ఇరవై ఏళ్ళు పనిచేస్తామని జామియా అధ్యాపకులు మాట ఇచ్చుకున్నారు, ముజీబ్, ఆబిద్ హుసేన్ కూడా వారిలో ఉన్నారు. బెర్లిన్‌లో పరిచయమైన గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు మహిళ తరువాత తానే వెదుక్కుంటూ జామియాకు వచ్చింది, పిల్లలకు ఆపాజాన్ అయింది, 1943లో ఇక్కడి మట్టిలోనే కలిసింది. ఈసారి పరాయి ఊరు ఆమెది! జాకిర్ సాహెబ్ 1967లో రాష్ట్రపతి అయిన సంగతి అందరికీ తెలిసిందే.

ఇక బోస్టన్ సంగతి. సుబ్బారావు గారిది భీమవరం, పుట్టింది 1895 జనవరి 12. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతూ గాంధీగారి మాట విని ఖద్దరు తొడుక్కున్నారు. దాంతో పెద్ద దొరకు కోపం వచ్చి, ఎం.బి.బి.ఎస్. రావలసిన చోట తక్కువ రకం ఎల్.ఎం.ఎస్. డిగ్రీతో సరిపెట్టారు. చూడండి, ఆ గాంధీగారి పిలుపే జాకిర్ సాహెబ్‌ను అలీగఢ్ నుండి బయటికి తెచ్చింది. సుబ్బారావు గారి అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో పోయారు. ఆ జబ్బుకు మందు కనిపెట్టాలన్నదే ఆయన పట్టుదల. దానికి హార్వర్డ్‌లో ఉష్ణదేశపు రోగాల స్కూలులో చేరాలి.

డబ్బు ఎక్కడిది? కొంత మామగారిది. కొంత కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థది. ఈ నాయకర్ గారి సంగతి మన సంఘం వారు తప్పక తెలుసుకోవాలి. పేదింట పుట్టి, రంగూన్ వెళ్ళి వర్తకంలో లక్షలు గడించి, పోయేముందు ఆస్తిని ధర్మానికి రాసిపెట్టిన మనిషి. పరాయి ఊళ్ళో చెయ్యి ఖాళీగా నిలబడితే ఎట్లా ఉంటుందో ఆయనకు ఒకరు చెప్పాలా? ఆయన సొమ్ము బర్మాలో పుట్టి, కాకినాడ మీదుగా బోస్టన్ చేరింది.

1922 అక్టోబరు 26న సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగారు. అక్టోబరు చివర అంటే అక్కడ చలి మొదలు, మద్రాసు బట్టలు దేనికీ చాలవు. బెర్లిన్‌లో పౌను ఉన్నవాడు రాజు అని చెప్పుకున్నాము గదా, బోస్టన్‌లో లెక్క తలకిందులు. ఇక్కడ మూటగట్టిన రూపాయలు అక్కడ డాలర్లుగా మారితే గుప్పెడు. తనవాళ్ళంటూ ఎవరూ లేరు. స్కూలు పెద్ద డాక్టర్ రిచర్డ్ స్ట్రాంగ్ దయతలచి ఆదుకున్నాడు. ఆ ఒక్క మనిషి లేకపోతే కథ అక్కడితో సరి. ఇక్కడి డిగ్రీకి అక్కడ విలువ లేదు గనుక ఆసుపత్రిలో డాక్టరు పని దొరకలేదు. పీటర్ బెంట్ బ్రిగామ్ ఆసుపత్రిలో రాత్రి పూట పోర్టరు పని దొరికింది. రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి కడగడం, గదులు శుభ్రం చేయడం. పగలు చదువు, రాత్రి ఈ పని. మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో పాఠం చెప్పిన డాక్టరు గారు ఆయన! ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఇట్లాంటి సంగతులు ఎవరు రాస్తారు? మన పిల్లలు రాస్తున్నారా? పెట్రోలు బంకులో రాత్రంతా నిలబడి, పొద్దున ఫోనులో అమ్మీకి అంతా బాగుంది అంటున్నారు.

తరువాతి కథ ప్రపంచానికి తెలుసు. ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు, ఇప్పటికీ దాన్ని వారిద్దరి పేరుతోనే పిలుస్తారు. కండరాలకు శక్తి ఎట్లా వస్తుందో తేల్చిన పరిశోధనలో పాలుపంచుకున్నారు. లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లం తయారుచేసింది, బోదకాలుకు మందు తెచ్చింది, అరియోమైసిన్ తెచ్చింది. 1948 ఆగస్టులో 53వ ఏట, నిద్రలోనే పోయారు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. తిరిగి ఇంటికీ రాలేదు.

ఇంట్లో ఏం జరిగింది? ఆయన బయలుదేరేనాటికి భార్య గర్భిణి. తరువాత కొడుకు పుట్టి, ఏడాది నిండకముందే పోయాడు. తండ్రి ఆ బిడ్డను కళ్ళతో చూడనే లేదు. మూడేళ్ళలో వస్తానన్న మనిషి కోసం ఆ ఇల్లాలు పాతికేళ్ళు ఎదురుచూసింది. చరిత్ర పుస్తకాల్లో మందుల పేర్లు వరుసగా ఉంటాయి, ఈమె ఒక్క వాక్యంలో అయిపోతుంది. కాయంగంజ్‌లో షాజహాన్ బేగం సాహెబా కూడా నాలుగేళ్ళు చూశారు, అయితే ఆమె ఎదురుచూపుకు ఒక చివర ఉండింది.

ఒకరు తిరిగి వచ్చారు, ఒకరు రాలేదు. దీనికి తెలివితేటలు కారణం కావు, దేశభక్తి అంతకంటే కాదు. ఇద్దరూ ఆ విషయంలో ఎవరికీ తీసిపోరు. జాకిర్ సాహెబ్‌కు బెర్లిన్‌లో మొదటి నుండి మనవాళ్ళ జట్టు ఉంది, తిరిగి వచ్చి నిలబడడానికి జామియా ఉంది. సుబ్బారావు గారికి అక్కడ ఒక దొర తప్ప ఎవరూ లేరు, ఇక్కడ తిరిగి వస్తే ఎల్.ఎం.ఎస్. డాక్టరుకు పరిశోధన చేసుకునే చోటు లేదు. ధర్మసంస్థ ఓడ ఎక్కించగలిగింది గాని ఆ రెండూ సమకూర్చడం దానికి సాధ్యమయ్యే పని కాదు. మేము అర్థం చేసుకున్నది ఇది. ఇంకెవరైనా మరోవిధంగా అనుకుంటే కాదనము.

ఏటి అవతల కర్నూలులోనే ఇంకొక ఉదాహరణ ఉంది. డాక్టర్ అబ్దుల్ హఖ్ సాహెబ్ ఆక్స్‌ఫర్డు దాకా వెళ్ళి చదివి, మద్రాసులో పెద్ద పదవులు చేసి, 1947లో సొంత గడ్డ మీద ఉస్మానియా కాలేజీ పెట్టించారు. మన ఆలంపూర్ పిల్లలు ఎందరో ఏరు దాటి అక్కడ చదువుకుంటూ వచ్చారు. ఒకప్పుడు పరదేశమనుకున్న ఊరు అట్లా మన పిల్లల కాలేజీ ఊరయింది.

ఇప్పటి సంగతి కొంచెం చెప్పుకుని ముగిస్తాము. 2015లో తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువులకు స్కాలర్‌షిప్ పథకం పెట్టింది. మొదట 10 లక్షలు, తరువాత 20 లక్షలకు పెంచింది. పేదింటి పిల్లలకు ఇది చిన్న సాయం కాదు. కాని రూలు జాగ్రత్తగా చదవాలి. మొదటి వాయిదా, పిల్లవాడు ఆ దేశంలో దిగినట్లు కాగితం చూపించిన తరువాత. రెండవ వాయిదా, మొదటి సెమిస్టరు ఫలితాలు చూపించిన తరువాత. సర్కారు పైకానికి పూచీ కావాలి గనుక ఆ రూలులో న్యాయం ఉంది. అయితే విమానం టిక్కెట్టు, గదికి అడ్వాన్సు, చలికోటు, దిగిన రోజు నుండి తిండి, ఇవన్నీ ఆ పైకం రాకముందే కావాలి. అందుకే ఇంట్లో బంగారం కుదువకు పోతోంది, అర ఎకరం అమ్ముడుపోతోంది, వడ్డీ అప్పు పుడుతోంది. సుబ్బారావు గారి అక్టోబరు నెల మన పిల్లలకు ఇప్పటికీ తప్పలేదు.

మన సంఘం చదువుల నిధి చిన్నది. దాంతో ఎవరి ఫీజూ పూర్తిగా కట్టలేము. కాని ఆ మొదటి రెండు నెలల ఖర్చును వడ్డీ లేని బదులుగా, కర్జె హసనాగా ఇచ్చి, సర్కారు వాయిదా పడగానే తిరిగి జమచేసుకుంటే, అదే పైకం ఆ ఏడే ఇంకొక ఇంటికి పనికివస్తుంది. ఈ మాట ఈసారి జనరల్ బాడీలో చర్చకు పెడుతున్నాము. రెండవది డబ్బు లేని పని. ఏ ఊళ్ళో మన పిల్లలు ఎవరున్నారు, స్టేషనుకు గాని విమానాశ్రయానికి గాని ఎవరు రాగలరు, హలాల్ అంగడి, మస్జిద్ ఎంత దూరం, చలికోటు ఇక్కడ కొనాలా అక్కడ కొనాలా, ఇవన్నీ ఒక రిజిస్టరులో రాసిపెడదాము. పిల్లలు బయట ఉన్న ఇళ్ళవాళ్ళు ఆ వివరాలు సెక్రెటరీ గారికి అందజేయగలరు. ఫోనులో పిల్లలను అడిగేటప్పుడు ఎట్లా ఉన్నావు అని మాత్రమే అడగకండి, రాత్రి ఏం తిన్నావు, గదిలో ఎందరున్నారు, ఏం పనికి పోతున్నావు అని కూడా అడిగి రాసి పంపండి. తరువాత పోయే పిల్లవాడికి కావలసింది ఆ సంగతులే.